ముడి మీద వేలు

పెట్టె విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. కొత్త చెప్పుల దుకాణంలోకి అడుగు పెట్టినట్టుంది. లోపల పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగుల బ్యాండ్లు. ఆదివారం ఫ్రెండ్‌షిప్ డే. శని, ఆదివారాలు మా పిల్లల బడికి సెలవు కాబట్టి రేపు, శుక్రవారమే జరుపుతున్నాం. ఒక బ్యాండు తీసి వేసుకున్నాను. తీసేశాను. మళ్ళీ వేసుకున్నాను. పక్కన ఫోను ఊరుకోవడం లేదు. తల్లిదండ్రుల గ్రూపులో ఒకటే సందేశాలు. నైరా అనే పాప తోటి పిల్లలను కొడుతోందట. రేపటి వేడుకకు ఆ పాపను రానివ్వద్దట, అసలు బడిలోనే ఉంచొద్దట. నేను ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ అవన్నీ చదువుతున్నాను. ఏదైనా తేలేదాకా కూర్చోలేని మనిషిని నేను. అలాంటి నన్ను ఒక చోట నిలబెట్టినావిడ సత్యవతి గారు. ఈ రబ్బరు బ్యాండ్లంటే ఆవిడకు అస్సలు గిట్టేది కాదు.

సత్యవతి గారి సొంతూరు తెనాలి పక్క. భర్త బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి సర్కారు బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మాదాపూర్‌లో ఒక పాత ఇంటి కింది వాటా కిరాయికి తీసుకుని డేకేర్ పెట్టారు. చుట్టూ అద్దాల ఆఫీసులు. ఆ ఆఫీసుల్లో పనిచేసే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లలను దింపి పరుగెత్తేవారు. ఆవిడ రోజూ చందానగర్ నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు. నేత చీర, చేతికి పాత తోలు పట్టీ గడియారం. పిల్లలు ఆవిడను అమ్మమ్మ మిస్ అనేవారు. ఆ పిలుపులో ఏ సగం ఎక్కువో ఎవరికీ తెలియదు.

మాది జనగామ వైపు. నాన్న ఆఫీసు క్యాబ్ నడిపేవాడు. డిగ్రీ అయ్యాక నేను కాల్ సెంటర్‌లో చేరి మానేశాను, సూపర్ మార్కెట్ కౌంటర్‌లో చేరి మానేశాను. డేకేర్‌లో చేరిన వారానికే ఇది కూడా నాకు పడదనిపించింది. ఒక పిల్లకు అన్నం తినిపిస్తూ ఇంకొకడి ముక్కు తుడిచి, అది పూర్తి కాకముందే మూడో పని అందుకునేదాన్ని. సత్యవతి గారు చూసి, నీ చేతులు నీకంటే ముందు బస్సెక్కేస్తాయమ్మా అనేవారు. తిట్టినట్టు ఉండేది కాదు కానీ నాకు మాత్రం ఒళ్ళు మండేది.

నేను చేరిన ఆ ఏడాది ఫ్రెండ్‌షిప్ డే ఏర్పాటంతా విహాన్ అనే పిల్లాడి అమ్మ తలకెత్తుకుంది. ఇంత చిన్న పిల్లలకు స్నేహం గురించి ఇప్పటి నుంచే చెప్పాలని గ్రూపులో పెద్ద సందేశం పెట్టింది. అందరూ సై అన్నారు. ప్రతి బిడ్డా ఇంటి నుంచి ఒక బ్యాండ్ల ప్యాకెట్ తెచ్చుకుని, నచ్చిన వాళ్ళ చేతికి తొడగాలి. శుక్రవారం పొద్దున్న హాల్లో సంత మొదలైంది. కాసేపటికే విహాన్ చేయి మోచేతిదాకా నిండిపోయింది. వాడు ఆ చేతిని ఎత్తి పట్టుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. తన్వి చేతికి మాత్రం ఒక్కటీ లేదు.

తన్వి కొరికే పిల్ల. మాటలు సరిగ్గా రావు, కోపం మాత్రం సరిగ్గా వస్తుంది. వాళ్ళమ్మ దీప సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ ఒక్కతే బిడ్డను పెంచుకుంటోంది. అంతకుముందు చేర్చిన డేకేర్ల వాళ్ళు మా వల్ల కాదని పంపేశారు. ఇక్కడ కూడా పంపేస్తే దీప ఉద్యోగం మానుకోవలసిందే. తన్వి దగ్గరికి వెళ్ళొద్దని చాలా ఇళ్ళలో పిల్లలకు చెప్పి పంపుతున్నారని మాకు తెలుసు. పిల్లలు పెద్దల మాట విన్నారు, అంతే. ఆ పిల్ల తన ప్యాకెట్ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. ఎవరి దగ్గరికి వెళితే వాళ్ళు చేతులు వెనక్కి దాచుకున్నారు. తర్వాత మూలన కూర్చుంది. నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు కూర్చుంది. పెడితే ఏమవుతుందో విహాన్‌కు కాసేపట్లో తెలిసింది. వాడు తన చేయి చూపించడానికి ఆ పిల్ల ముఖం ముందు పెట్టాడు. బ్యాండ్లన్నిటి పైన, మోచేతికి ఎగువన ఖాళీగా ఉన్న చోట పళ్ళు దిగాయి. విడిపించబోయిన సత్యవతి గారి ముంజేతి మీద కూడా ఒక గాటు పడింది.

సాయంత్రానికి గ్రూపు భగ్గుమంది. తన్వి ఉంటే మా పిల్లలుండరని విహాన్ వాళ్ళమ్మ తేల్చి చెప్పింది. ఇంకా కొందరు ఆమెతో కలిశారు. నాకు భయం పట్టుకుంది. ఆ పిల్ల మీద జాలి ఉంది, కానీ అందరూ వెళ్ళిపోతే డేకేర్ మూతపడుతుంది కదా. వంటింట్లో గాటుకు పసుపు అద్దుకుంటున్న సత్యవతి గారి చుట్టూ తిరుగుతూ అదే అన్నాను.

"పంపించేద్దాం మేడం. గింత మంది ఒక్కదిక్కు అయినంక మనమేం జేస్తం?"

 ఆవిడ పసుపు డబ్బా మూత పెట్టి, వేళ్ళు కడుక్కుని, తుడుచుకున్నారు. ఆ నిదానానికి నాకు ప్రాణం పోతున్నట్టుంది.

"పంపిస్తే దానికి ఏం నేర్పినట్టమ్మా? కొరికితే చోటు మారుతుందని. అది ఇప్పటికే నేర్చుకుంది. మనం ఇంకోటి నేర్పుదాం."

సోమవారం ఆవిడ గ్రూపులో పెట్టిన సందేశం చూసి నేను తల పట్టుకున్నాను. వచ్చే శుక్రవారం మళ్ళీ ఫ్రెండ్‌షిప్ డే జరుపుతున్నాం, కొన్న బ్యాండ్లు వద్దు, మీ ఇంట్లో పాత ఆఫీసు ఐడీ కార్డులు మెడలో వేసుకునే ట్యాగు పట్టీలు ఉంటే పంపండి అని. పండగ అయిపోయింది కదండీ అని ఎవరో అడిగితే, మా పిల్లలకు సరిగ్గా కాలేదండి అని జవాబిచ్చారు. ట్యాగులకు ఈ చుట్టుపక్కల ఏం కరువు? ఉద్యోగం మారినప్పుడల్లా ఒకటి ఇంట్లో మిగిలిపోతుంది. బుధవారానికి నీలం, ఎరుపు, నలుపు ట్యాగులు కుప్ప పడ్డాయి. ఆవిడ వాటిని జానెడు ముక్కలుగా కత్తిరించి, పోగులు ఊడకుండా అంచులను దీపం సెగకు చూపించారు. నేను పక్కన కూర్చుని సగం సరిగ్గా చేశాను, సగం కాల్చేశాను.

ఆ ట్యాగు నున్నగా ఉంటుంది. మొదటి ముడి వేసి రెండోది వేసేలోపు మొదటిది జారిపోతుంది. ఆ వయసు పిల్లలకు మామూలు ముడి వేయడమే గొప్ప, ఇది అసలే కుదరదు. వీటిని ఎందుకు ఎంచుకున్నారని విసుక్కున్నాను. అందుకే ఎంచుకున్నానన్నారు ఆవిడ. ఒకరు చేయి చాపాలి, ఒకరు కట్టాలి, జారకుండా మూడోవాళ్ళు ముడి మీద వేలు పెట్టాలి. పూలమాల కట్టేటప్పుడు వాళ్ళమ్మ తనను పక్కన కూర్చోబెట్టుకుని అలాగే వేలు పెట్టించేదట. రబ్బరుదైతే ఎవరి సాయం లేకుండా ఎక్కేస్తుంది, అలా ఎక్కేదాన్ని పట్టుకుని స్నేహమని పిల్లలకెందుకు చెప్పాలి అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఆ పిల్ల నోటి ముందు మళ్ళీ వేళ్ళు పెట్టడమేమిటని భయమేసింది.

గురువారం పొద్దున్న ఒక చిత్రం జరిగింది. విహాన్ ఆ రోజు సంచిలోంచి ఒక ట్యాగు తీసి గర్వంగా ఇచ్చాడు. దాని చివర వాళ్ళ నాన్న ఐడీ కార్డు వేలాడుతోంది. పాతది కాదు, అప్పటికి మెడలో ఉండాల్సింది. అరగంటలో ఆయన ఆటోలో వచ్చి దిగాడు. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడట. బోసి మెడతో, ఇన్ చేసిన చొక్కాతో, చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఏనాడూ డేకేర్ లోపలికి వచ్చింది లేదు. కార్డు తీసుకుని వెళ్ళిపోయేవాడే, కానీ అప్పుడే సత్యవతి గారు ఒక పాపకు కట్టడం నేర్పిస్తున్నారు. తన చేయి చాపి, తల ఎత్తకుండానే ఆయనను పిలిచారు.

"బాబూ, ఒక్క నిమిషం. ఈ ముడి మీద వేలు పెట్టండి, జారిపోతోంది."

పెద్దావిడ అడిగితే కాదనలేక ఆయన ఆ బుల్లి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టాడు. ఆ పాప నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, రెండో ముడి వేస్తోంది. ఒకసారి తప్పింది. ఆయన వేలు తీయబోతే ఆవిడ వద్దన్నారు. ముడి పడేదాకా వేలు తియ్యకండి అన్నారు. ఆయన ఉంచాడు. నేను గోడకు ఆనుకుని చేతులు నలుపుకుంటున్నాను. ముడి పడింది. పాప ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. పేరేంటమ్మా అని ఆయన అడిగితే, తన్వి అంది. ఆయన సత్యవతి గారి ముంజేతి మీద నల్లబడిన గాటు చూశాడు, దానికి కాస్త కిందుగా కట్టిన ట్యాగు చూశాడు.

"ఈ పాపేనాండీ? ఇంత చిన్న పిల్లా?"

 గ్రూపులో చదివి చదివి ఎంత పెద్ద పిల్లను ఊహించుకున్నాడో పాపం. కార్డు మెడలో వేసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మళ్ళీ పండగ జరిగింది. మొదట్లో తన్వికి ఎవరూ చేయి చాపలేదు, ఆ పిల్ల చేత కట్టించుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. కానీ ముడులు జారిపోతుంటే నాలుగు మూలల నుంచీ వేలు, వేలు అని కేకలు మొదలయ్యాయి. సత్యవతి గారు ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి కొంచెం ముందుకు పంపారు. తన్వి ఒక జంట దగ్గరికి వెళ్ళి ముడి మీద వేలు పెట్టింది. అది అయ్యాక ఇంకో జంట దగ్గరికి. పని దొరికిన ఆ పిల్ల ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. చివరికి విహాన్ దగ్గరికి వెళ్ళింది. వాడు చేయి వెనక్కి లాక్కున్నాడు. వాడికి కట్టబోతున్న ఆద్య అనే పాప విసుక్కుని, వేలు లేకపోతే కట్టనంది. వాడు ఆలోచించాడు. చేయి చాపాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ముడి పడి ఉంది, చేయి చేయిలాగే ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆద్య అదే రంగు ముక్క ఒకటి తెచ్చి తన్వికి కట్టింది. దాని మీద వేలు విహాన్ పెట్టాడు.

ఆ తర్వాత అందరూ మారిపోయారని కాదు. ఒక కుటుంబం ఆ నెలాఖరుకు పిల్లాణ్ణి తీసుకెళ్ళిపోయింది. విహాన్ వాళ్ళమ్మ చాలా రోజులు మాతో ముక్తసరిగానే మాట్లాడింది, కానీ వాణ్ణి మాన్పించలేదు. వాళ్ళాయన ఇంట్లో ఏం చెప్పాడో మాకు తెలియదు. తన్వి ఇంకోసారి కొరికింది, అదీ సత్యవతి గారినే. ఆవిడ మళ్ళీ పసుపు అద్దుకున్నారు. మాటలు వచ్చేకొద్దీ పళ్ళ పని తగ్గింది. దీప ఉద్యోగం నిలిచింది. తన్వి మా దగ్గరి నుంచే పెద్ద బడికి వెళ్ళింది. నేను మానేద్దామనుకున్న ఉద్యోగంలో ఆ ఇల్లు కూలగొట్టి టవర్ కట్టేదాకా ఉన్నాను.

కిందటేడు ఆవిడ మంచం పట్టినప్పుడు చందానగర్ వెళ్ళాను. కొండాపూర్‌లో సొంతంగా బడి నడుపుతున్నానని ఆవిడకు తెలుసు. నా చేతులు పట్టుకుని, ఇప్పుడైనా ఊరుకుంటున్నాయా ఇవి అని అడిగారు. లేదన్నాను. నవ్వారు. ఊరుకోనక్కర్లేదు, ముడి పడేదాకా ఉంటే చాలన్నారు. తర్వాత నెలలోనే పోయారు. నాకు దుఃఖం వచ్చినప్పుడు కూడా కూర్చుని ఏడవడం రాదు. ఆ రోజు చందానగర్ బజారంతా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాను.

రబ్బరు బ్యాండ్ల పెట్టె మూసి టేపు వేశాను. ఆఫీసులో పనిచేసే చెల్లెలికి ఫోన్ చేసి, పొద్దున్నే పాత ట్యాగులు ఎన్ని దొరికితే అన్ని పంపమన్నాను. గ్రూపులో, నైరా రేపు వస్తుంది, సోమవారం కూడా వస్తుంది అని రాసి పెట్టాను. కింద ఎవరెవరో టైప్ చేస్తున్నట్టు కనిపిస్తూనే ఉంది.  అంతలో నైరా వాళ్ళమ్మ ఫోన్ చేసింది. 

"మేడం, రేపు పాపను తీస్కరావాల్నా, వద్దా?"

"తీస్కరా అక్కా. జర జల్ది తీస్కరా. ముడి మీద వేలు పెట్టెటోళ్ళు గావాలె నాకు."