ఆకాశం ఒక్కటే నాది

తొంభైల చివర్లో చోడవరంలో కంప్యూటర్ నేర్చుకోవాలంటే, మెయిన్ రోడ్డులో బట్టల షాపు మేడ మీదికి చెప్పులు విప్పి ఎక్కాలి. అక్కడ మా మాస్టారు ఒక మెషీన్‌లో ‘అందరి డైరెక్టరీ’ అని ఉంచారు. ఎవరు ప్రోగ్రాం రాసినా అందులో పెట్టాలి. ఎవరైనా ఫ్లాపీలో పట్టుకెళ్లొచ్చు. తిరిగి తెచ్చేటప్పుడు మాత్రం తమ సొంతది ఏదో ఒకటి చేర్చి తేవాలి. ఊరికే తెస్తే మాస్టారు గుమ్మంలోంచే వెనక్కి పంపేవారు.

నేను అందులో ఒక ఆట పెట్టాను. చెరకు బండిని సుగర్ ఫ్యాక్టరీ గేటు దాకా తోలాలి, అంతే. అన్నం తింటున్నా నాకు ఆ బండే ధ్యాస. వడ్డాది నుంచి వచ్చే నా స్నేహితురాలు ఎద్దులకు గంటలు కట్టింది. రావికమతం అబ్బాయి వెనకనుంచి చెరకు గడలు లాగే పిల్లల్ని పెట్టాడు. ఇంకెవరో, తీరా మన బండి గేటు చేరేసరికి ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ ఆగిపోయేలా చేశారు. చెరకు పండించే మా ఇళ్లలో అది నవ్వే సంగతి కాదు కాబట్టి మేడ మీద పొట్టలు పట్టుకుని నవ్వాం.

అంతలో మా కంప్యూటర్ సెంటర్‌ని విశాఖపట్నం కంపెనీ ఒకటి కొనేసింది. టై కట్టిన మేనేజరు వచ్చాడు. కాపీరైట్ తేలని సరుకు కంపెనీ మెషీన్‌లో ఉండకూడదట. రాసిన మనిషి హక్కులు కంపెనీకి రాసిస్తే సరి, లేకపోతే తుడిచేస్తారట. బండి పోతుందన్న భయంతో సంతకం పెట్టేద్దామనే వెళ్లాను.

రాసినవాళ్లు రావాలన్నారని మావాళ్లంతా వచ్చేశారు. గంటల చప్పుడు ఎలా ఉండాలో నోటితో చేసి వినిపించిన మాడుగుల హల్వా కొట్టాయన కూడా వచ్చాడు, హల్వాతో సహా. ఇంతమంది కాదు, ఒక్కరే కావాలన్నాడు మేనేజరు. నా స్నేహితురాలు నన్ను ముందుకు తోసింది.

“నువ్వే కదే మొదలెట్టేవు. సంతకం ఎట్టీ, బండి మిగుల్తాది.”

పెన్ను తీసుకుని, నేను రాసింది ఎక్కడుందా అని స్క్రీన్ కేసి చూశాను. రోడ్డు ఒకరిది, ఎద్దులు ఒకరివి, గేటు ఇంకొకరిది. నాది ఆకాశం రంగు ఒక్కటే మిగిలింది! నవ్వు ముంచుకొచ్చింది. ఆకాశం వరకైతే రాసిస్తానండి అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మేనేజరు కూడా హల్వా తిన్నాడు, తిని మా ఆటని తుడిచేశాడు. మెట్లు దిగుతూ ఏడ్చాను. ఆ వానాకాలం మా ఫ్లాపీలన్నీ బూజు పట్టిపోయాయి.

మరుసటి ఏడాది అదే కంపెనీ విశాఖ బ్రాంచికి పరీక్షకి వెళ్లాను. మూలనున్న మెషీన్ దగ్గర ఎవరో అమ్మాయి, సార్‌కి కనబడకుండా ఆడుకుంటోంది. చెరకు బండి! ఎవరి ఫ్లాపీలోనో ఇక్కడిదాకా వచ్చేసింది. రోడ్డు పక్కన, చోడవరంలో, సముద్రం!

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ సముద్రం ఎవరిదని అడిగాను.

“నానే ఎట్టేను. బాగోలేదేటి?”

బ్యాగులోంచి ఖాళీ ఫ్లాపీ తీసి, నాకూ ఒక కాపీ ఇస్తావా అని ఆమెను బతిమాలాను.