క్రేన్ మీద దాహం

ఆ సైటులో అందరూ అతన్ని గద్ద అనేవాళ్లు. పదకొండేళ్లుగా టవర్ క్రేన్ నడుపుతున్నాడు. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కి, నలభై మీటర్ల ఎత్తున, కాళ్లు చాపుకోడానికి కూడా వీల్లేని గాజు గదిలో కూర్చుంటే మళ్లీ నేల మీద కాలు పెట్టేది సాయంత్రం ఐదింటికే. మధ్యలో దిగి ఎక్కాలంటే అరగంట. ఆ అరగంటలో పనంతా ఆగిపోతుందని మేనేజరు గోల. అందుకని గద్ద ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్లే తాగకపోతే దిగే అవసరమే రాదు కదా! పొద్దున సగం గ్లాసు, అంతే. ఆకలేస్తే చిప్స్ ప్యాకెట్టు, ఉప్పు చల్లిన వేరుశనగలు. తనంత ఓర్పు ఎవరికీ లేదని గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

నలభై ఏడో ఏట అతనికి ఆ నిచ్చెన పొడుగైనట్టు అనిపించసాగింది. సగం దూరంలోనే ఆయాసం వచ్చేది. కింద నుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని బూటు లేసు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. మధ్యాహ్నానికి తల దిమ్ముగా ఉండేది. మూత్రం ముదురు రంగులో, మంటగా వచ్చేది. ఇంట్లో నోరు మెదపలేదు. అతని అన్న రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. ఆ మంచం పక్కన కూర్చుని వచ్చిన మనిషి కాబట్టి, ఏమవుతోందో ఊహించుకోడానికే భయపడ్డాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా గుండె ఒక్కసారిగా దడదడలాడింది. కళ్ల ముందు తెల్లటి మసక. చేతులు లీవరు మీదే బిగుసుకుపోయాయి. కట్ట అక్కడే ఆగి మెల్లగా ఊగుతోంది. కింద సిగ్నల్ ఇచ్చే కుర్రవాడు వాకీటాకీలో పిలుస్తూనే ఉన్నాడు. ఎంతసేపటికో గద్దకు ఆ మసక విడింది. చువ్వల్ని ఖాళీ జాగాలో దించి, ఒక్కో మెట్టూ పట్టుకుని కిందికి వచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని ఆ కుర్రవాణ్ణి బతిమాలాడు. తెలిస్తే క్రేన్ ఎక్కనివ్వరు.

“చెప్పను అన్నా,” అన్నాడు కుర్రవాడు నేలకేసి చూస్తూ. “కానీ ఆ ఇనుము కింద నిలబడేది నేను.”

ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఆ సాయంత్రమే భార్యకు అంతా చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులు వేసుకుని, “నడవండి డాక్టరు దగ్గరికి” అంది.

బీపీ నూట డెబ్బై దాటింది. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లెక్క ఉండాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ ఉంది. నీళ్లు చాలక కిడ్నీలు అలసిపోతున్నాయని, ఆ ఉప్పు, రోజంతా కూర్చునే పని కలిసి గుండె మీద భారం వేస్తున్నాయని, అన్న సంగతి కూడా విన్న డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. క్రేన్ ఎక్కడానికి కావాల్సిన ఫిట్‌నెస్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు. మందులు రాసి, మూడు వారాల తర్వాత రమ్మంది.

ఆ మూడు వారాలూ గద్దకు స్టోర్‌లో కూర్చుని నట్లూ బోల్టులూ అందించే పని. ఇంట్లో ఉప్పు తగ్గింది, కాయగూరలు పెరిగాయి. చప్పగా ఉందని మొహం పెడితే, “గుండెకు నాలుక లేదు, తినండి” అనేది భార్య. గంటగంటకూ నీళ్లు. పొద్దున్నే ఇద్దరూ నడకకు వెళ్తే ఆవిడే ముందు, ఇతను రొప్పుతూ వెనక. భయం మాత్రం వదల్లేదు. మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడం, బీపీ మిషను రోజుకు పదిసార్లు పెట్టుకోవడం. చూస్తున్నకొద్దీ అంకె పెరిగేది. చివరికి ఆవిడ మిషను తీసి బియ్యం డబ్బాలో దాచేసింది.

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు కుర్చీ అంచున కూర్చున్నాడు. బీపీ నూట ముప్పై ఆరుకు దిగింది. కిడ్నీల లెక్క మాత్రం కదల్లేదు.

“తగ్గలేదు. పెరగనూ లేదు,” అంది డాక్టరమ్మ. “ఇప్పటికి ఇదే మంచి కబురు. నీళ్లు మానితే మాత్రం నా దగ్గరికి రాకండి, నేరుగా మీ అన్నయ్య పక్క మంచానికి వెళ్లండి.”

ఫిట్‌నెస్ కాగితం మీద మూడు నెలలకు మాత్రమే సంతకం పెట్టింది.

షిఫ్టులో రెండుసార్లు తనను దింపి వేరే ఆపరేటరును ఎక్కిస్తేనే పనిలోకి వస్తానని గద్ద మేనేజరుకు చెప్పాడు. మేనేజరు నసిగాడు. సిగ్నల్ ఇచ్చే కుర్రవాడు వచ్చి, అలాగైతేనే తానూ ఇనుము కింద నిలబడతానన్నాక ఒప్పుకున్నాడు.

ఇప్పుడు గద్ద రెండు సీసాల నీళ్లతో పైకెక్కుతున్నాడు. పదింటికి దిగుతాడు, రెండింటికి దిగుతాడు. నిచ్చెన మీద ఆయాసం కొంత తగ్గింది. అయినా వంటింటి క్యాలెండరులో వచ్చే పరీక్ష తేదీ చుట్టూ గీసిన గీతను రోజూ ఒకసారి చూసుకోకుండా ఇల్లు దాటడు. భార్య అది గమనిస్తూనే ఉంటుంది. సీసాల మూతలు గట్టిగా బిగించి చేతికిస్తుంది.