నాయన వంశం చెప్పేవాడు, అమ్మ బండి తోలేది

మా నాయనకు బండి నడపడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఆయన మాటలు పది నిమిషాలు విన్నవాళ్ళెవరూ తర్వాత చెబితే నమ్మరు.

తొంభైల చివర్లో, బెళుగుప్పకు అవతల మా ఊళ్ళో ఆయన గొర్రెల వ్యాపారం చేసేవాడు. కాపరులు రోడ్డు పక్కన ఉండరు కదా. మేత ఎక్కడుంటే మంద అక్కడ. గుట్టల వెనక, ఎండిన వాగు వంకల్లో, గులకరాళ్ళ బీళ్ళలో వెతుక్కుంటూ పోవాలి. బాడుగ టెంపోలు సగం దారిలోనే మొరాయించేవి. అందుకని నాయన, మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత పికప్ బండి ఒకటి కొనుక్కొచ్చాడు. పచ్చ రంగు, వెనక ఇనప తొట్టి, గేరు కడ్డీ పక్కన ఇంకో పొట్టి కడ్డీ. ఆ పొట్టి కడ్డీ లాగితే నాలుగు చక్రాలూ ఒకేసారి పని చేస్తాయి. ఎలాంటి ఇసుకలోనైనా పోతుంది.

మొదటి రోజే నాయన దాన్ని తోలబోయి, తిన్నగా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ వేరుశనగ కట్టె వామిలో దూర్చాడు. ముందు సగం వామిలో, వెనక సగం వీధిలో. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది.

“దిగు నువ్వు.”

“ఉండు, రివర్సు యాడుండాదో చూస్తాండా.”

“దిగమంటి కదా.”

అమ్మ పెళ్ళికి ముందు పుట్టింట్లో ట్రాక్టరు తోలిన మనిషి. ఎక్కి కూర్చుని, గేర్లన్నీ ఒకసారి కదిపి చూసి, బండిని వామిలోంచి వెనక్కి తీసింది. పక్కింటామె తిట్టడానికి బయటికొచ్చి, స్టీరింగు దగ్గర అమ్మను చూసి తిట్లు మరిచిపోయి నిలబడిపోయింది. ఆనాటి నుంచి తోలేది అమ్మ, పక్కన కూర్చుని మాట్లాడేది నాయన. ఈ పంపకం మీద వాళ్ళిద్దరికీ ఎప్పుడూ తగాదా రాలేదు. మిగతా అన్నిటి మీదా వచ్చింది.

మాట్లాడటానికి నాయన దగ్గర సరుకుకు కొదవలేదు. వేలం దగ్గర ఒక ముసలి సిపాయి చెప్పింది కొంత, మెకానిక్కుల దగ్గర విన్నది కొంత, సొంతంగా కలిపింది మిగతాది. అన్నీ చేర్చి ఆ బండికి ఒక వంశం తయారుచేసుకున్నాడు. కాపరులు గొర్రెల వీపులు తడిమి చూపిస్తుంటే, ఈయన బానెట్టు తడుముతూ మొదలుపెట్టేవాడు.

“దీని తాత పెద్ద యుద్ధంలో పనిచేసినాడన్నా. సముద్రం దాటి వచ్చినాడు. ఆయప్పకు తలుపులు గూడా లేవు. దీని నాయన మంచుకొండల మీద మిలిటరీవాళ్ళకు బియ్యం మోసినాడు. ఇది ఆ ఇంట్లో పుట్టింది.”

ఒకసారి ఒక ముసలి కాపరి అంతా శ్రద్ధగా విన్నాడు. చివర్న బండి వెనక తొట్టిలోకి తొంగి చూసి, “అంత పెద్దింట్లో పుట్టి గొర్రె పెంటికలు మోస్తాండాదా? పాపం,” అన్నాడు. అమ్మ స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నాయన మాత్రం రెండు రోజులు ఆ మందలో గొర్రెలు బాగాలేవని చెప్పుకుంటూ తిరిగాడు.

నేను అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు, కాలేజీ దారిలోని బండ్ల షోరూము అద్దానికి ఒక బొమ్మ అతికించారు. కొత్త పికప్పు. నాలుగు చక్రాలూ లాగేదే. మా బండికి మనవరాలి వరస అవుతుంది. కింద పెద్ద అక్షరాలతో “త్వరలో” అని ఉంది. లోపలికి వెళ్ళి కాగితం ఒకటి అడిగి తెచ్చి నాయనకిచ్చాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆయన దాన్ని గోడకు అంటించి, కింద కుర్చీ వేసుకున్నాడు.

ఆ “త్వరలో” రెండేళ్ళు నడిచింది. అనంతపురం సంతకు వచ్చినప్పుడల్లా నాయన షోరూముకు వెళ్ళేవాడు. గొర్రెల వాసనతోనే లోపలికి పోయి, మెత్తటి సోఫాలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, “ఎప్పుడొస్తాదప్పా?” అనేవాడు. “త్వరలో సార్,” అనేవాళ్ళు. బయటికొచ్చి అదే మాట బండిలో కూర్చున్న అమ్మకు చెప్పేవాడు.

“వాన గూడా త్వరలోనే అంట. రేడియోలో చెప్పినారు,” అనేది అమ్మ.

చివరికి ఒక ఎండాకాలం షోరూమువాళ్ళు కబురు పంపారు. కొత్త బండి ఇంకా అమ్మకానికి రాలేదుగానీ, చూపించడానికి ఒకటి వచ్చిందట. బుక్కరాయసముద్రం చెరువులో నడిపి చూపిస్తారట. ఆ ఏడు చెరువంతా ఎండి నెర్రెలు విచ్చి ఉంది. మేం ముగ్గురం పచ్చ బండిలో వెళ్ళాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్ళిచూపులకు పోయే మనిషిలా దారి పొడుగునా కాలరు సర్దుకుంటూనే ఉన్నాడు.

కొత్త బండి ఎర్రగా, నిగనిగలాడుతూ గట్టు కింద నిలబడి ఉంది. పట్నం నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు మెడలో టైతో దాని పక్కన నిలబడ్డాడు. ఇలాంటి బండి సత్తా బురదలోనే తెలుస్తుందని వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారట. మా జిల్లాలో బురద ఎక్కడుంది? అందుకని రెండు ట్యాంకర్ల బోరు నీళ్ళు తెప్పించి, చెరువు మధ్యలో గుంత తీసి, బురద చేయించాడు.

“ఏమప్పా, మా ఊరికి వారానికి ఒక ట్యాంకరు వస్తాది. నువ్వు రెండు ట్యాంకర్లు మన్నులో పోస్తివే!” అంది అమ్మ.

ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. “కంపెనీ రూల్ మేడమ్,” అని గొణిగాడు.

అతను మైకు పట్టుకుని మొదలుపెట్టేలోగా గట్టు మీద నుంచి గేదెలు దిగాయి. మా వైపు వాటిని ఎనుములంటాం. పదిహేను ఎనుములు. నీటి వాసన వాటికి ఎంత దూరం నుంచి తగిలిందో తెలియదు, ఒకదాని వెనక ఒకటి నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, ఆ బురద గుంతలో దిగి, పడుకున్నాయి. కొన్ని కళ్ళు కూడా మూసుకున్నాయి.

ఆఫీసరు హారను కొట్టించాడు. ఒక ఎనుము చెవి ఆడించింది. అంతకు మించి ఏమీ జరగలేదు. వాటి వెనకే పరుగెత్తుకొచ్చిన కాపరి ఆడమనిషి, గుంతను చూసి చేతులు జోడించింది.

“నీళ్ళు పోపిచ్చింది నువ్వేనా నాయనా? నీ కడుపు సల్లగుండ! నెల దినాలాయ ఇవి మునిగి.”

“వాటిని కొంచెం లేపండమ్మా, ప్లీజ్. మా కార్యక్రమం ఉంది.”

“ఇప్పుడు ఆ దేవుడొచ్చినా లేయవు నాయనా. పొద్దు గూకినాక వస్తా,” అని ఆమె తుమ్మచెట్టు నీడకు వెళ్ళి కూర్చుంది.

చూడవచ్చినవాళ్ళు సగంమంది వెళ్ళిపోయారు. ఆఫీసరు టై వదులు చేసుకుని అలాగే నిలబడ్డాడు. అతన్ని చూస్తే నాకే జాలేసింది. అమ్మకూ వేసినట్టుంది. “బురద లేకుంటే పోనీలే. ఆ పక్క వంక ఉండాది, రాళ్ళుండాయి, ఇసకుండాది. ఆడ చూద్దాం పా,” అంది.

అతను ప్రాణం లేచొచ్చినట్టు తాళం చెవి తీసి నాయనకు అందించాడు. నాయన దాన్ని అమ్మకిచ్చాడు.

“మీరు నడపరా సార్?”

“నాకు కతలు చెప్పేది వచ్చునప్పా. తోలేది ఆమె.”

ఆఫీసరు ముందు సీట్లో కూర్చున్నాడు. నాయనా నేనూ వెనక తొట్టిలో నిలబడ్డాం. అమ్మ వంకలోకి దించింది. బండరాళ్ళ మీదుగా ఎక్కించింది, ఇసుకలో చుట్టు తిప్పింది, ఏటవాలు గట్టు మీద ఆపి మళ్ళీ కదిలించింది. తొట్టిలో మేం చింతపిక్కల్లా ఎగిరాం. నాయన మాత్రం ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో బండి రేకు నిమురుతూ, “అదే రక్తం పాపా! అదే రక్తం!” అని నా వైపు తిరిగి అరుస్తున్నాడు. ముందు నుంచి ఆఫీసరు గొంతు వినిపించింది. “మేడమ్, చాలు మేడమ్. బాగానే నడుస్తోంది మేడమ్.”

దిగాక అతను టై సరిచేసుకుని, జేబులోంచి పుస్తకం తీసి అమ్మ అభిప్రాయం అడిగాడు. బండి విషయంలో తన అభిప్రాయం అడిగిన మొదటి మనిషి అతనే అని అమ్మ తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

“బాగుండాది. గుర్రం మాదిరి పోతాండాది. వెనక తలుపు మాత్రం శానా ఎత్తు. గొర్రెను ఎత్తి ఎక్కియ్యాలంటే నడుములు పోతాయి. హారను సాలదు. ఎనుమే లేయలేదు, ఇంగ గొర్రె యాడ జరుగుతాది?”

అతను అంతా రాసుకున్నాడు. “వచ్చే మోడల్లో సరిచేయమని చెబుతాను మేడమ్.”

“అయితే ఇది పాతదా?”

“కాదు మేడమ్. ఇదింకా రాలేదు.”

నాయన ఆనందానికి హద్దు లేదు. “తాను పుట్టకముందే కొడుకును కనింది సూడు! ఏం వంశం!”

ఆ బండి మరుసటి ఏడు నిజంగానే వచ్చింది. తలుపు అంతే ఎత్తు, హారను అంతే మెత్తన. మారిందల్లా ఒకటే, టీ గ్లాసు పెట్టుకోవడానికి చిన్న గూడు చేశారు. అయినా కొన్నాం. అమ్మ మా ఊరి వెల్డింగ్ షాపులో వెనకవైపుకు ఒక మెట్టు చేయించుకుంది.

అసలు చిక్కు షోరూములో వచ్చింది. బండి ఎవరి పేరు మీద అంటే నాయన, “తోలేదాని పేరు మీద,” అన్నాడు. అయితే లైసెన్సు చూపించండి అన్నారు. అమ్మ నా వైపు చూసింది. నేను నాయన వైపు చూశాను. నాయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

బండి అమ్మ పేరు మీదకు రావడానికి అది అడ్డం కాలేదు గానీ, ఇన్నేళ్ళూ లైసెన్సు లేకుండా తోలిన సంగతి అమ్మకు బాగా గుచ్చుకుంది. మరునాడే దరఖాస్తు పెట్టించింది. జిల్లాలో సగం వంకలు దాటిన మనిషి, కొత్త బండికి ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ బోర్డులు కట్టుకుని నెల రోజులు తిరిగింది. ఎదురొచ్చే లారీవాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టి, “భయపడొద్దమ్మా, క్లచ్చి నిదానంగా ఇడువు,” అని ధైర్యం చెప్పేవాళ్ళు. అమ్మ బుద్ధిగా తల ఊపేది.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమన్నాడు. తిప్పింది. “ఇంతేనా?” అని అడిగింది. ఇంతే అన్నాడు. “రాళ్ళు లేవే,” అంది. ఆయన నవ్వి సంతకం చేశాడు.

లైసెన్సు వచ్చిన వారానికి ముగ్గురం లేపాక్షికి బయలుదేరాం. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు కుర్చీలో కూర్చుని, పొమ్మని చెయ్యి ఊపాడు. అమ్మ బండి పక్కకు తీసి ఆపింది. అతను లేచి వచ్చాడు.

“ఏమమ్మా, ఏమైంది?”

“లైసెన్సు ఉండాది.”

“నేనడగలేదు కదమ్మా.”

“అయితే అడుగు,” అంది అమ్మ.