గేరుదా, నక్షత్రానిదా

మొన్న గవర్నర్‌పేటలో గ్రైండరు బాగుచేయించడానికి వెళ్లాను. రాయి తిరుగుతూ ప్రతి చుట్టులోనూ ఒకేచోట మూలుగుతోంది. షాపతను విప్పి చూసి, గేరులో ఒక పన్ను అరిగిపోయిందన్నాడు. ఆ మాటకి నాకు మా ఆడపడుచు గుర్తొచ్చి నవ్వేశాను. తన పనిని చూసి నవ్వాననుకున్నాడేమో, అతను ముఖం ముడుచుకున్నాడు.

మా ఆడపడుచు విజయవాడలో ఫిజిక్స్ లెక్చరర్. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరింది. శ్వేత కుబ్జ తారలంటే తనకి పిచ్చి. సూర్యుడిలాంటి నక్షత్రం మండటం అయిపోయాక మిగిలే తెల్లటి నిప్పుముద్దలట అవి. వాటిలో కొన్నిటి వెలుగు నిమిషాల తేడాతో పెరుగుతూ తగ్గుతూ ఉంటుందట, ఆ లయను బట్టి లోపల ఏముందో చెప్పొచ్చట. సెలవు దొరికితే చాలు, ఉయ్యూరులో మా డాబా మీదికి టెలిస్కోపు ఎక్కించేది. చక్కెర ఫ్యాక్టరీ మసి నా వడియాల మీదా తన అద్దం మీదా సమానంగా పడేది. ఇద్దరం కలిసే తిట్టుకునేవాళ్లం.

ఏళ్ల తరబడి వెలుగు కొలవగా కొలవగా ఒక తారలో లయ దొరికింది. తీరా థీసిస్ ఇచ్చే ముందు వాళ్ల గైడుగారు అడిగారట, ఆ లయ నక్షత్రానిదా, టెలిస్కోపును తిప్పే గేరుదా అని. గేరు ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, ఆ లయ దాదాపు ఒకటే. గేరులో వంకర ఉంటే ప్రతి చుట్టుకీ ఫొటోలో నక్షత్రం కాస్త జరిగి, వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది. అదే నిజమైతే ఇన్నేళ్లూ తను కొలిచింది మోటారునన్నమాట. తేల్చుకోవాలంటే అవే ఫొటోల్లో చుట్టూ ఉన్న నక్షత్రాలనూ కొలవాలి. అవి కూడా అలాగే ఊగితే తప్పు గేరుదే. ఇంతకుముందు పోలికకి ఒక్కదాన్నే పెట్టుకుంది మరి.

ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లోనే లెక్క మొత్తం సిద్ధం చేసుకుంది కానీ, ఆ చుట్టుపక్కల నక్షత్రాల గ్రాఫులు తెరవడానికి మాత్రం తనకి చెయ్యి రాలేదు.

"నువ్వు చూడు వదినా, నావల్ల కాదు" అని వంటింట్లోకి పోయి, నేను వదిలేసిన చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. అలలుంటే ఏడవాలి, గీత చదునుగా ఉంటే పండగ. నాకు తెలిసిన ఖగోళశాస్త్రం అంతే. ఒక్కొక్కటే తెరిచాను.

"అన్నీ చదునుగానే ఉన్నాయే. నీదొక్కటే ఊగుతోంది" అన్నాను.

నా కళ్ల మీద నమ్మకం లేక, వచ్చి అన్నీ మళ్లీ చూసుకుంది. ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు, ఒళ్లంతా తేలికైపోయింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే చిక్కుడు గింజలు చెత్తబుట్టలో ఉన్నాయి, తొక్కలు గిన్నెలో ఉన్నాయి. ఆ పూట పచ్చడితోనే కడుపునిండా తిన్నాం.

గడిచిన ఏళ్లు గడిచినట్టే పోతాయంటారు. పోయాయనుకున్నవన్నీ ఒక మనిషికి ఒక్కసారిగా తిరిగి రావడం మాత్రం నేను ఆ పొద్దున కళ్లారా చూశాను.