బోణీకి గంట ఆలస్యం

డాలర్ల దేశం వచ్చి పార్సిప్పనీలో దిగిన ఆ కొత్తల్లో, బేరానికి లొంగని వస్తువు ఈ లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. తెనాలిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి మరి. మా కొట్లో గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. (పక్క కొట్టాయన కన్నా ముందు తలుపు తీయాలని నాన్న పెట్టిన నియమం. ఆయనా అదే పని చేశాడని చాలా ఏళ్లకు తెలిసింది.) ఆచారం తప్పకూడదని, ఇక్కడ కూడా ఫోన్లో టైము దానంతటది మారే ఏర్పాటు తీసేసి, నా చేత్తో పది నిమిషాలు ముందుకు జరుపుకున్నాను.

మార్చిలో, ఒక బుధవారం, నా భార్య వస్తోంది. అపార్ట్‌మెంట్‌లో మంచం లేదు. "నేల మీద పడుకోబెడితే మర్నాడే రిటర్న్ ఫ్లైట్ ఎక్కేస్తా" అని ముందే చెప్పేసింది. అదృష్టం కొద్దీ, నేపర్‌విల్‌కి మారిపోతున్న తెలుగు ఆంటీ ఒకావిడ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మూవింగ్ సేల్ అని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. అందులో టేకు మంచం! బోణీ బేరాన్ని తెలుగువాళ్లెవరూ వెనక్కి పంపరు కాబట్టి, ముందుగా వెళ్లి సగానికి అడగాలని నా పథకం.

ఆదివారం నా ఫోన్లో ఎనిమిదీ యాభైకి వాళ్ల గుమ్మం ముందున్నాను. టేకు మంచం ఎవరి వ్యాన్‌లోకో ఎక్కుతోంది.

"ఆంటీ, బోణీ నాదండీ!"

"బోణీ ఎప్పుడో అయిపోయింది బాబూ. తొమ్మిదీ నలభై అవుతోంది."

ఫోన్ చూపించాను. ఆవిడ జాలిగా చూశారు. "ఇక్కడ ఏటా మార్చిలో అందరి గడియారాలూ గంట ముందుకు జరుపుతారు కదా, రాత్రే జరిగింది. చేంజ్ చేసుకోలేదా?"

"చెప్పాపెట్టకుండా ఎలా జరుపుతారండీ? మరి నా గంట?"

"నవంబర్లో మళ్లీ వెనక్కి జరిపి తిరిగిచ్చేస్తార్లే" అన్నారు అంకుల్, అట్టపెట్టెకు టేపు వేస్తూ.

"అంతవరకూ వడ్డీ?"

"అది గవర్నమెంట్‌ని అడుగు. మాకైతే నేపర్‌విల్‌లో దిగగానే వచ్చేస్తుంది. అక్కడ టైమ్ గంట వెనక."

అంత లాభసాటి బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక ఆంటీ ఒక గోడ గడియారం ఊరికే ఇచ్చారు. అలవాటు కొద్దీ, "బ్యాటరీ కూడా ఇస్తారా?" అన్నాను. ఇచ్చారు.

బుధవారం నా భార్య నేల మీది పరుపును చూసింది, గోడ మీది గడియారాన్ని చూసింది, కథంతా విన్నది. ఫ్లైట్ ఎక్కలేదు. "ముందు ఆ ఫోన్ ఇలా ఇవ్వండి" అని నా పది నిమిషాలూ తీసేసింది.

ఇప్పుడు మంచం ఉంది, పూర్తి ధరకు కొన్నదే. ఏటా నవంబర్‌లో ఆ ఆదివారం పొద్దున, "ఏవండీ, మీ గంట వచ్చింది, తీసుకోండి" అని లేపుతుంది. ఆ కొత్తల్లో నాలో ఉన్న కుర్రాడైతే వడ్డీ కోసం పట్టుబట్టేవాడు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కుని, వచ్చిన గంటను నిద్రలోనే ఖర్చుపెట్టేస్తాను.