సుల్తాన్‌పూర్ షేర్ ఆటోలో నాకు అక్క ఏర్పడిన వైనం

మానవ స్వభావం ఏ శాఖ పరిధిలోకి వస్తుందో ఎంత విచారించినా తెలియరాలేదు. కనుక సదరు అధికారులెవరైతే వారి సమక్షానికీ, ఇదే దారిన వెళ్లదలచిన ప్రయాణికుల సౌకర్యార్థమూ ఈ నివేదికను సవినయంగా సమర్పిస్తున్నాను.

ప్రయాణానికి కారణం ఒక ఉపన్యాసం. పరిణామక్రమంలో మనిషి రక్తసంబంధీకులకూ, తిరిగి మేలు చేయగలవారికీ మాత్రమే చోటివ్వడం నేర్చుకున్నాడని వక్త సెలవిచ్చారు. చోటు అనగానే నాకు పటాన్‌చెరు షేర్ ఆటో గుర్తుకొచ్చింది. మర్నాడు ఉదయం ఏడు దాటాక పటాన్‌చెరులో, ఫ్యాక్టరీలుండే సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కుకు వెళ్లే ఆటో ఎక్కాను. కిరాయి ముప్ఫై రూపాయలు, ప్రయాణం అరగంట పైచిలుకు. ఆటో నిండితేనే కదులుతుంది. నిండటమంటే ఏమిటో ఇంతవరకు ఎవరూ నిర్వచించలేదు.

ముగ్గురి సీటులో నలుగురం సర్దుకున్నాక డ్రైవరు మొయిన్ చిచ్చా బండి కదిపాడు. అంతలో కంపెనీ కోటు వేసుకున్న ఒకామె టిఫిన్ బాక్సుతో పరుగెత్తుకొచ్చింది.

“చిచ్చా, ఆగు. నిన్న లేటైతే గేటు కాడికెళ్లే వాపస్ పంపిండ్రు. ఇయ్యాల గూడ లేటైతే ఇగ పనికే రావద్దన్నరు.”

“ఏడ కూసుంటవ్ బిడ్డా, నా నెత్తి మీదనా?” అంటూ చిచ్చా బ్రేకు తొక్కాడు. ‘ఎక్కు’ అనడానికి అది స్థానిక పద్ధతి.

అందరూ జరిగారు. నేను మాత్రం శాస్త్రీయ తటస్థతతో, “ఇప్పటికే పరిమితికి మించి ఉన్నామేమోనండీ,” అన్నాను.

‘పరిమితి’, ‘అండీ’ ఒకే నోట వస్తే ఆ దారిలో అర్థం ఒక్కటే.

“చిచ్చా, సారు ఆర్టీవో ఆఫీసోని లెక్కున్నడు,” అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

చిచ్చా ఇంజను ఆపేశాడు. “మాఫ్ చెయ్యండి సార్. బిడ్డా, ఎనుక బండికి రా. చలాన్ రాస్తే నాకు పరేషాన్.”

“ఎనుక బండి నిండెటాళ్లకు గేటు బంద్ అయితది చిచ్చా.”

నేను అధికారిని కాననీ, మానవుల సహకార ప్రవృత్తిని పరిశీలించడానికి వచ్చాననీ మనవి చేశాను.

“గట్లనే అంటరు,” అన్నాడు పెద్దమనిషి.

ఆమె ఆటో కమ్మీ వదల్లేదు. ఆమె ఉద్యోగం నా వ్యాకరణం మీద ఆధారపడి ఉందని అప్పటికి గ్రహించాను. సంచి ఒళ్లోకి తీసుకుని, ఊపిరి బిగబట్టి, “రా అక్కా, గిటు కూసో,” అని జరిగాను.

“ఆఫీసోడైతే జరుగడు. జరిగిండంటే మనోడే. పోనీ చిచ్చా,” అని పెద్దమనిషి తీర్పు చెప్పాడు.

“తమ్మీ, బాక్సు జెర సీదా పట్టుకో. పప్పుచారు ఒలుకుతది,” అన్నది ఆమె. దారిపొడుగునా మా సంభాషణ అంతే. గేటు మూస్తుండగా దిగి, సందులోంచి పక్కకు తిరిగి లోపలికి దూరింది. బాక్సు నా చేతిలోనే ఉండిపోయింది.

దాన్ని వాచ్‌మన్‌కు అందించాను. “ఎవలు నువ్వు?” అన్నాడు.

“తమ్ముణ్ణి.”

ఇంకేమీ అడగకుండా తీసుకున్నాడు.

వక్తగారి సిద్ధాంతాన్ని నేను కాదనలేదు. ఆ ఆటోలో అందరూ చుట్టాలకే చోటిచ్చారు. చుట్టరికం బండి ఎక్కాక ఏర్పడింది, అంతే తేడా. వెళ్లదలచినవారికి ఒక్క సూచన: సంచి ఒళ్లో పెట్టుకోండి, ‘అండీ’ని ఇంట్లో పెట్టండి.

డిమాండు సంఖ్య 1 (రెండవది లేదు): ‘రక్తసంబంధీకులు’ అన్న నిర్వచనంలో ‘జరిగి చోటిచ్చినవారు’ అన్న మాటలు వెంటనే చేర్చవలెను. గేటు దగ్గర నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధంగా నమోదు కారాదు.