అత్త కుట్టిన పంచెగుడ్డ లాగు

మొన్న అనంతపురంలో మందుల షాపు ముందు బీపీ మాత్రల కోసం నిలబడి ఉంటే, పక్కనున్న కాలేజీ అమ్మాయి "అన్నా, తొడలు ఒరుసుకోకుండా పూసుకునే క్రీము ఉండాదా?" అని అందరికీ వినపడేటట్టు అడిగింది. షాపతను తలైనా ఎత్తకుండా రెండు రకాలు తీసి ముందు పెట్టాడు. అక్కడ సిగ్గుపడింది నేనొక్కదాన్నే. ఆ సిగ్గుతోనే ఒకప్పుడు ఉద్యోగం వదిలేయబోయాను.

పెళ్లయిన ఏడాదే నాకు కణేకల్ పక్క పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సు దిగి గంటసేపు నడవాలి. జూన్ నెల వచ్చినా వాన జాడ లేదు, దారిలో నీడ లేదు. టీచరమ్మ దర్జాగా కనిపించాలని నైలాన్ చీరలు, పాలిస్టర్ లంగాలు కొనుక్కున్నాను. చెమట పీల్చే గుణం వాటికి ఏ కోశానా లేదు. నాలుగు రోజులకే తొడల దగ్గర చర్మం ఒరుసుకుని లేచిపోయింది. అప్పుడు నేను చేసిన తెలివైన పని, ముఖానికి పూసుకునే పౌడరు సగం డబ్బా అక్కడ కుమ్మరించుకోవడం. అది చెమటకు ముద్దకట్టి, మిగిలిన చర్మాన్ని కూడా గీకేసింది. ఏమైందని మా ఆయన అడిగితే ఎండ పడట్లేదన్నాను. "అట్లయితే మానుకో పో" అన్నాడు. ఎంతో కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగానికి రాజీనామా కాగితం రాస్తూ కుమిలి కుమిలి ఏడ్చాను.

మా అత్త వేరుశనగ చేలల్లో కూలి చేసిన మనిషి. ఆ సాయంత్రం ఆ కాగితం పట్టుకుని నేను గడప దాటి పోబోతుండటం చూసి, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఏమే, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తాండావు. ఒరుసుకున్యాయా?"

సిగ్గుతోనే అవునని తలూపాను. నా చేతిలోని కాగితం ఏమిటో చెప్పించుకుని అత్త మండిపడింది. "దీనికా ఉద్యోగం ఇడిసేది? పో, సల్లనీళ్లతో కడుక్కో. రుద్దొద్దు, మెత్తని గుడ్డతో అద్దు. బాగా ఆరినాకనే టెంకాయనూనె పూసుకో."

మర్నాడు నన్ను బడికి పోనివ్వలేదు. మామ పాత పంచె, ఉతికి ఉతికి పసిపిల్లల గుడ్డలా మెత్తబడింది, దాన్ని చించి మోకాళ్ల దాకా వచ్చే లాగులు రెండు కుట్టింది. లంగా కింద తొడుక్కోవాలట. కూలికి పోయే ఆడవాళ్లంతా మొగుళ్ల లాగులు తొడుక్కునే పోతారట. మగదిక్కు లేని ఇళ్ల దండేల మీద కూడా మగవాళ్ల లాగులు ఎందుకు ఆరుతుంటాయో నాకు అప్పుడు తెలిసింది. నవ్వాగలేదు. అత్త కూడా నవ్వింది.

పుండు మానాక మళ్లీ బడికి పోయాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను.

ఆ రోజు అత్త లాగు కుడుతున్నప్పుడు అడిగాను, "నీకెవరు చెప్పినారత్తా ఇదంతా?" అని.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "నాకెవురూ చెప్పల్యా. చెప్పింటే మూడేండ్లు ఏడ్సుకుంటా కలుపు తీసేదాన్నా?" అంది.

ఆ మూడేళ్లలో ఆమె వయసు ఇప్పుడు కాలేజీకి పోయే మా మనవరాలి వయసే.